వీపు వెనక పందెం

మచిలీపట్నం,
జూన్ 5, 2003.

బావగారికి,

మీరు దొంగతనం చేశారు. 'పొరపాటు', 'అభిప్రాయభేదం' లాంటి మెత్తటి మాటల కోసం వెతక్కండి. అవి మీ దగ్గర బీరువా నిండా ఉన్నాయని నాకు తెలుసు. పందెంలో ముందు వచ్చిన పిల్ల చేతిలోంచి కప్పు లాక్కుని, వెనక వచ్చిన కుర్రాడి చేతిలో పెట్టారు. దాన్ని దొంగతనం అంటారు.

ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే అక్క ఎత్తుతుంది, ఆవకాయ సంగతులు వస్తాయి, మీరు స్నానంలో ఉంటారు. ఉత్తరానికి మీ స్నానం అడ్డం రాదు కాబట్టి రాస్తున్నాను.

పోయిన ఆదివారం మీ గుడివాడలో కాన్వెంటు గిరిధర్ గారు జరిపించిన జిల్లా వీడియో గేమ్ పోటీలకి మీరు ప్రధాన న్యాయనిర్ణేత. ఫైనల్‌కి ఇద్దరు మిగిలారు. ఒకడు గిరిధర్ గారి కాన్వెంటులోనే చదివే అభినవ్. రెండోది గాయత్రి. మా మహిళా సంఘంలో ఉన్న పున్నమ్మ కూతురు. పున్నమ్మ చల్లపల్లి మార్కెట్లో చేపలమ్ముతుంది. తండ్రి కోటిలింగం నాగాయలంక నుంచి వేటకి వెళ్తాడు. మార్కెట్ పక్కన గేముల కొట్టుంది. అమ్మ గంప ఖాళీ అయ్యేదాకా ఆ పిల్ల అక్కడ ఆడి ఆడి నేర్చుకుంది. ఇంతకు మించి ఆమెకి కోచింగూ లేదు, కాన్వెంటూ లేదు.

ఆట కార్ల పందెం. గాయత్రి కారు గీత దాటేసరికి అభినవ్ కారు ఎక్కడో వంతెన అవతల ఉందట. తెర మీద గెలిచిందెవరో ఆ యంత్రమే పెద్ద అక్షరాలతో రాసింది. హాలంతా చప్పట్లు కొట్టింది. అప్పుడు మీరు మైకు అందుకున్నారు. నాటిక పోటీల మార్కుల పట్టిక చదివారు. వాచికానికి ఇన్ని, ఆంగికానికి ఇన్ని, ఆహార్యానికి ఇన్ని, సందేశానికి ఇన్ని! కార్ల పందెంలో వాచికం ఏమిటి బావగారూ? కారు సంభాషణలు చెప్పిందా? ఆహార్యం అంటే టై కట్టుకోవడమా? గీత ముందు దాటినందుకు అన్నిటికంటే తక్కువ మార్కులు. పైగా గాయత్రికి 'అతివేగం' కింద కోత. కార్ల పందెంలో అతివేగం! రేపు ఈత పోటీలు పెడితే తడిసినందుకు మార్కులు కోస్తారా?

బహుమతి ఒక కంప్యూటరు. దాంతోపాటు దసరా సెలవుల్లో హైదరాబాదులో రాష్ట్ర పోటీలకి వెళ్ళే అవకాశం. ఫైనల్‌కి వచ్చిందని తెలియగానే పున్నమ్మ ఎలక్ట్రీషియన్ని పిలిచి గోడకి కొత్త ప్లగ్గు పెట్టించింది. ఇప్పుడు ఆ ప్లగ్గులో ఏం పెట్టాలో మీరే చెప్పండి.

ఇందిర

*

గుడివాడ,
జూన్ 11, 2003.

చి. ఇందిరకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నీ ఆరోగ్యం దివ్యంగా ఉందని అందులోని కోపాన్ని బట్టి తెలిసింది. మీ అక్క కూడా చదివి, "దీనికి చిన్నప్పుడు నాన్న ఒక్క దెబ్బా వెయ్యలేదు, అదీ తేడా" అంది.

అమ్మాయ్, నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పటినుంచీ నాటక పరిషత్తుల్లో మార్కులు వేస్తున్నాను. నా నిర్ణయాన్ని వేలెత్తి చూపినవాళ్ళు లేరు. ఒకవేళ ఉన్నా నా ముందు చూపలేదు. ఈ వీడియో గేములకి ఒక పద్ధతీ పాడూ లేదు. ఎవడు ముందు వస్తే వాడే గొప్ప అంటే ఇంక పెద్దలెందుకు, న్యాయనిర్ణేతలెందుకు? గిరిధర్ గారు స్పష్టంగా చెప్పారు: "మాస్టారూ, మనం ఆటని కాదు, వ్యక్తిత్వాన్ని జడ్జి చేస్తున్నాం" అని. నాకు నచ్చింది. ఆయన కాన్వెంటుతో పాటు ఆటల షాపు కూడా నడిపే మనిషే కావచ్చు, సంస్కారం ఉన్న మనిషి.

అన్నట్టు అతివేగానికి కోత పెట్టాలన్న ఆలోచన ఎక్కడిదనుకున్నావు? నీదే. రెండేళ్ళ కిందట 'మీట నొక్కితే మనిషి మాయం' అని నువ్వు వేసిన కరపత్రం నా దగ్గర భద్రంగా ఉంది. 'వేగాన్నీ, పక్కవాణ్ణి గుద్దడాన్నీ గెలుపుగా నేర్పే ఈ యంత్రాలు' అన్నది నీ వాక్యమే. దాన్నిబట్టే వేగానికీ, గుద్దుడికీ మార్కులు తీసేశాం. మైకులో నీ పేరు చెప్పి కృతజ్ఞతలు తెలుపుదామనుకున్నాను కూడా, భోజనాలకి టైమైపోయింది. నీ గాయత్రి దారిలో నాలుగు కార్లని గుద్దింది. అభినవ్ ఒక్కదాన్నీ తాకలేదు. టక్ చేసుకుని, బుద్ధిగా, వీపు వంచకుండా కూర్చున్నాడు. మేం ముగ్గురు న్యాయనిర్ణేతలం ప్రతి క్షణం నిశితంగా పరిశీలించాం.

ఇదంతా నాకేదో లాభం ఉందని చేశాననుకోకు. నాకిచ్చింది ఒక శాలువా, గిరిధర్ గారు అమ్మే 'మేధోక్రీడా కిట్టు' ఒకటి, అదే, టీవీకి తగిలించే ఆటల పెట్టె. దాన్ని మీ అక్క విప్పకుండానే అటకెక్కించింది.

ఆశీస్సులతో,
గోవర్ధనరావు

*

మచిలీపట్నం,
జూన్ 19, 2003.

ప్రధాన న్యాయనిర్ణేత గారికి,

అభినవ్ ఎవరినీ గుద్దలేదన్నారు. నిజమే. గుద్దాలంటే పక్కన ఇంకో కారు ఉండాలి. అందరూ వెళ్ళిపోయాక ఖాళీ రోడ్డు మీద ఒక్కడూ వస్తుంటే ఎవరిని గుద్దుతాడు, కిలోమీటరు రాళ్ళనా? చివరికి వచ్చినవాడికి శాంతమూర్తి బిరుదివ్వడం మీ దగ్గరే చూశాను.

ఇక నా కరపత్రం. రాశాను. ఈ సరుకు ఇలాగే అమ్మితే మళ్ళీ రాస్తాను. పిల్లల చేతి ఖర్చుల మీద మేడలు కట్టేవాళ్ళని తిట్టాను. ఆడి గెలిచిన పిల్ల మీద నా వాక్యాన్ని కర్రలా వాడుకోమని మీకెవరిచ్చారు హక్కు? నా వాక్యం నచ్చినవాళ్ళు ముందు గిరిధర్ గారి షాపుకి తాళం వెయ్యాలి. మీరు ఆయన శాలువా కప్పుకుని ఆ వాక్యంతో మార్కులు కోశారు.

పోయిన శనివారం చల్లపల్లి వెళ్ళాను. పున్నమ్మ సందువ చేప తరుగుతూ నాతో మాట్లాడింది. "ఇందిరమ్మగారూ, గుడివాడోళ్ళు మా పిల్లకి ఏదో రోగం ఉన్నట్టు చెప్పారండీ మైకులో. వాచికం లేదంట, ఆహార్యం లేదంట. డాక్టరుకి చూపించమంటారా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన రొయ్యలమ్మే ఆవిడ మాత్రం నవ్వింది. ఆ మార్కెట్లో రోజూ అదే నవ్వు. కంప్యూటరు వచ్చిందా పున్నమ్మా, పడవలో వస్తోందా, రైల్లో వస్తోందా అని.

గాయత్రిని అడిగాను, "జడ్జిలు సరిగ్గా చూశారా?" అని.

"చూశారండీ, మమ్మల్ని."

"ఆటని?"

"ఆట ఆళ్ళ ఎనకాల ఉందండీ."

నాకర్థం కాలేదు. ఆ పిల్ల పుల్లతో నేల మీద గీసి చూపించింది. స్టేజీ మీద వరసగా కుర్చీలు. కుర్చీల్లో జనం వైపు తిరిగి మీ ముగ్గురూ. మీ వెనక గోడకి తెర. కింద, మీ కాళ్ళ ముందు ఆటగాళ్ళు, తెర కేసి చూస్తూ. హాలంతా పందెం చూసింది బావగారూ. చూడనివాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురే మార్కులు వేశారు!

"ఒక్కసారన్నా తల తిప్పారా?" అన్నాను.

"పెద్దాయన తిప్పారండీ. ఫ్యాను గాలి రావట్లేదని."

ఆ పెద్దాయన మీరే.

ఇంకో సంగతి. బందర్లో మా వీధి చివర కొట్టులో ఆ మేధోక్రీడా కిట్టు పెట్టె చూశాను. పైన '9999 ఆటలు' అని, కింద కొత్తగా అంటించిన చీటీ మీద 'ప్రతి ఇంటా ఉండదగినది. ప్రముఖ విద్యావేత్త గోవర్ధనరావు' అని. అటకెక్కిన పెట్టెలో ఏముందో మీకెలా తెలిసింది?

గాయత్రి నన్నూ ఆడించింది. మొదటి మలుపులోనే చెరువులో పడ్డాను. కరపత్రానికి ముందే ఒకసారి పడి ఉండాల్సింది, ఒప్పుకుంటున్నాను. మీరూ పడండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇందిర

*

గుడివాడ,
జులై 3, 2003.

ఇందిరకు,

కుర్చీల గురించి ఇంత రాద్ధాంతం అవసరమా? వేదిక మీది పెద్దలు సభకి వీపు పెట్టి కూర్చోవడం నువ్వెక్కడైనా చూశావా? రేపు ఎవరైనా ఫొటో తీస్తే ఏం పడుతుంది, మా బట్టతలలా? జనం వైపు తిరిగి కూర్చోవడం సభా మర్యాద. తెర అక్కడ పెట్టింది మేం కాదు. హాలు కట్టినవాళ్ళు గోడ అక్కడ కట్టారు.

పైగా నాటికలో రసమంతా పాత్రధారి ముఖంలో ఉంటుంది. మేం ఆటగాళ్ళ ముఖాలు చూశాం. అభినవ్ ముఖం ప్రశాంతంగా ఉంది. ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంటూ, భుజాలు ఊపుతూ, "తప్పుకో, తప్పుకో" అని గొణుగుతూ ఉంది. అందుకే వాచికంలో మార్కులు తగ్గాయి.

చీటీ మీది మాట సంగతి. అవును, నాదే. గిరిధర్ గారు అడిగారు, ఇచ్చాను. ఈ జిల్లాలో ఎన్ని కవితా సంపుటాలకి ముందుమాటలు రాశాను, అన్నీ చదివే రాశానా? లోపలికి దిగి చూస్తే నిష్పాక్షికత పోతుంది. రచయితతో స్నేహం కూడా పోతుంది.

నువ్వు మరీ అంటున్నావు కాబట్టి పెట్టె అటక మీంచి దింపించాను. విప్పలేదు. దింపించాను, అంతే.

గో.

*

మచిలీపట్నం,
జులై 12, 2003.

బావగారూ,

ఈసారి ఎగతాళికి ఓపిక లేదు.

కోటిలింగం వేట నుంచి వచ్చి సంగతంతా విన్నాడు. కూతురితో, "మనోళ్ళకి ఇయ్యరే. నీకు ముందే చెప్పలేదా? ఇంక ఆ కొట్టు గుమ్మం తొక్కావంటే ఊరుకోను" అన్నాడట. కోపంతో కాదు. ఆయనకి ఇది అలవాటైన సంగతి. రేవులో తూకమూ అలాగే ఉంటుంది, ఆఫీసులో వరసా అలాగే ఉంటుంది. ఆటలోనూ అలాగే ఉందని ఆయన ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది ఒక్క గాయత్రి. ఆ యంత్రం కులం అడగదు, ఊరు అడగదు, టై కట్టావా అని చూడదు. ఎవరు ముందొస్తే వాళ్ళ పేరు రాస్తుంది. ఆ పిల్లకి అది నచ్చింది. మీరు ముగ్గురూ కుర్చీలేసుకుని దానికీ తెలివి నేర్పారు.

ఇప్పుడు ఆడటం మానేసింది. ప్లగ్గు మీద క్యాలెండరు తగిలించింది.

రాష్ట్ర పోటీలకి విజేత పేరు ఆగస్టు ఆఖరులోగా పంపాలట. ప్రధాన న్యాయనిర్ణేత సంతకం ఉంటేనే హైదరాబాదు వాళ్ళు తీసుకుంటారట. ఎవరి పేరు మీద సంతకం పెట్టారు? సూటిగా చెప్పండి.

ఇందిర

*

గుడివాడ,
ఆగస్టు 2, 2003.

ఇందిరా,

పెట్టె విప్పాను.

ఆ గిరిధర్ ఇంత మోసగాడని నాకు నిజంగా తెలియదు! 9999 అన్నాడు కదా, లోపల ఉన్నవి ఏడు. ఏడంటే ఏడు ఆటలు! ఎనిమిదో నంబరు నొక్కితే మళ్ళీ మొదటిదే వస్తుంది, కారు మాత్రం పచ్చగా ఉంటుంది. ఇంకా ముందుకెళ్తే అదే కారు, రోడ్డుకి రంగు మారుతుంది. ఆ తర్వాత అదే కారు తలకిందులుగా పోతుంది. నేను వరసగా నొక్కుతూ పోయాను, ఎక్కడో ఒకచోట కొత్తది రాకపోతుందా అని. రాలేదు. వెళ్ళి నిలదీస్తే, "మాస్టారూ, రంగు మారితే కొత్త ఆటే కదండీ. మీ నాటికల్లో కథ ఒకటే, పేర్లు మారవా?" అన్నాడు. నన్ను! నా ముఖం మీదే!

మా వీధివాళ్ళు పెట్టెలు పట్టుకుని ఇంటికొస్తున్నారు. "మీ పేరు చూసి కొన్నాం మాస్టారూ" అంటున్నారు. ఏం చెప్పను? చదవకుండా ముందుమాట రాసిన పుస్తకాలు ఎవరూ తిరిగి తేలేదు. ఇవి తెస్తున్నారు.

నిలదీశాక బస్టాండు దగ్గర బోర్డు చూశాను. అభినవ్ ఫొటో నిలువెత్తున వేసి, 'మా విద్యార్థే జిల్లా ఛాంపియన్, అడ్మిషన్లు జరుగుచున్నవి' అని రాశారు. పోటీ ఎందుకు పెట్టారో నాకప్పుడు అర్థమైంది. నువ్వు ముందే అర్థం చేసుకున్నావనుకో, అది వేరే విషయం.

ఆ కార్ల పందెం కూడా ఈ ఏడింటిలో ఉంది. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే కూర్చుంటున్నాను. వంతెన దాటలేకపోతున్నాను ఇందిరా. దాని ముందు మలుపు ఉంది చూడు, అక్కడ ప్రతిసారీ నీళ్ళలో పడుతున్నాను. మీ అక్క పక్కన కూర్చుని, "బ్రేకండీ, బ్రేకు! ఎడమకి! అయ్యో, మీ ఎడమ కాదు, దాని ఎడమ!" అని ఒకటే అరుపు. నిన్న నా చేతిలోంచి లాక్కుని తనే ఆడింది. వంతెన దాటింది. దాటి నా వైపు చూసిన చూపు వర్ణించలేను. ఆ క్షణంలో నా పెదవి నేనే కొరుక్కున్నాను. 'తప్పుకో' అని కూడా అన్నాను.

ఆ పిల్ల మలుపు దగ్గర ఏం చేస్తుందో కొంచెం కనుక్కుంటావా?

సంతకం ఇంకా పెట్టలేదు. గిరిధర్ మనిషి రోజూ వస్తున్నాడు, స్నానంలో ఉన్నానని చెప్పిస్తున్నాను. కానీ ప్రకటించిన ఫలితాన్ని నేనే మార్చుకుంటే రేపు పరిషత్తుల్లో నా మాటకి విలువేముంటుంది? నువ్వే ఆలోచించు. ఒక మధ్యేమార్గం ఉంది. గాయత్రికి ప్రత్యేక ప్రోత్సాహక బహుమతి ప్రకటిస్తాం. పున్నమ్మ గారికి ఒక శాలువా కప్పుతాం. అభినవ్ హైదరాబాదు వెళ్తాడు. వచ్చే ఏడు గాయత్రిని తప్పకుండా చూసుకుంటాం. ఫోన్లో అడిగితే గిరిధర్ సరేనన్నాడు. నువ్వు మాత్రం పత్రికకెక్కించకు.

మీ బావ,
గోవర్ధనరావు

*

మచిలీపట్నం,
ఆగస్టు 9, 2003.

బావగారూ,

మీ ఉత్తరం చల్లపల్లి తీసుకెళ్ళి గాయత్రికి చదివి వినిపించాను. మీరు నీళ్ళలో పడ్డ చోట మళ్ళీ చదవమంది. చాలా రోజులకి నవ్వింది. మలుపు సంగతి అడిగాను. "తాతగారికి చెప్పండి, ముందు తెర కేసి చూడమని" అంది. అంతే చెప్పింది. మిగతాది మళ్ళీ పోటీ పెట్టినప్పుడు చూసుకోమంది.

శాలువా సంగతి పున్నమ్మకి చెప్పాను. "చేపల గంప కిందకి చుట్టకుదురు చేసుకోవచ్చేమో గానీ, మెత్తగా ఉంటదాండీ?" అంది. మీ మధ్యేమార్గానికి అదే జవాబు.

మీ మాట విలువ గురించి బెంగపడుతున్నారు. దాని విలువ పెట్టెలు పట్టుకుని మీ గుమ్మంలోకే వస్తోంది కదా, ఇంకా నన్నడుగుతారేం? ఏడు ఆటల్ని రంగులు మార్చి వేలు చేసి అమ్మినవాడి మీద మీకంత కోపం వచ్చింది. ఓడినవాడికి రంగేసి గెలిచినవాడిగా అమ్మారు మీరు. ఆయన సరుకు తిరిగి తీసుకోనంటాడు. మీరూ ఫలితం తిరిగి తీసుకోనంటున్నారు. మీ ఇద్దరికీ తేడా ఎక్కడో నాకు కనబడేలా చెయ్యండి.

గాయత్రిని మళ్ళీ ఆడనివ్వమని కోటిలింగంతో రెండు గంటలు వాదించాను. ఆఖరికి, "ఆ మాస్టారు తప్పు ఒప్పుకుంటే చూద్దాంలెండి, ఒప్పుకోడు" అన్నాడు. ఆయన మీ గురించి అన్న మాట తప్పని నిరూపించే అవకాశం మీకుంది. ఎక్కువ రోజులు ఉండదు.

మా సంఘం తరఫునా, నా తరఫునా ఇవీ డిమాండ్లు:

1. ఆగస్టు 24 ఆదివారం, చల్లపల్లి మార్కెట్ షెడ్డులో ఫైనల్ మళ్ళీ జరగాలి. గాయత్రి, అభినవ్. అదే ఆట. అభినవ్‌ని భయపెట్టి తీసుకురాకూడదు, ఆ కుర్రాడి తప్పేమీ లేదు.

2. ముందు గీత దాటినవాళ్ళే విజేత. వాచికం, ఆహార్యం, సందేశం, టక్, టై లెక్కలోకి రావు.

3. ఎవరు గెలిస్తే వాళ్ళ పేరు మీద అక్కడే, అందరి ముందూ సంతకం పెట్టాలి. కంప్యూటరు ఆ రోజే ఇవ్వాలి.

4. గిరిధర్ గారు బస్టాండు దగ్గరి బోర్డు దింపాలి.

5. పెట్టెల మీద మీ పేరున్న చీటీలు పీకించాలి. ఏడు ఆటలని రాయించాలి. తిరిగి తెచ్చినవాళ్ళ దగ్గర సరుకు తీసుకోవాలి.

6. ఆడి చూడని ఆటకి మార్కులు వెయ్యకూడదు. చదవని పుస్తకానికి ముందుమాట రాయకూడదు. నా కరపత్రాన్ని నేను మళ్ళీ రాస్తున్నాను, ఈసారి ఆడి. ఆ షరతు నాకూ వర్తిస్తుంది.

7. పందెం అయ్యాక మీరు గాయత్రితో ఒక ఆట ఆడాలి. ఓడిపోయాక తల నిమిరి 'బాగా ఆడావమ్మా' అనకూడదు. 'ఓడిపోయాను' అనాలి. మైకులో.

8. అక్కని వెంట తీసుకురండి.

9. మీకు కుర్చీ వేస్తాం. తెర వైపు తిప్పి.

ఇందిర